నా రెక్క కాడికి వచ్చినవా?

మా కాలేజీలో ఈ ఏడు చేరిన వ్యాయామ శాస్త్రం పిల్లలకు మొదటి పాఠ్యపుస్తకం ఎంపిక చేసే పని నా నెత్తిన పడింది. ఇలాంటి పనులు ఎవరి నెత్తిన పడతాయో మాస్టర్లందరికీ తెలుసు. మీటింగులో ఎవరు నోరు మూసుకోలేరో వాళ్ల నెత్తిన. పోయినేడు పెట్టిన పుస్తకం దండగ అన్నాను. "అయితే మంచిదేదో మీరే చెప్పండి మేడమ్" అన్నారు మా పెద్దసారు. ఆయన మా విభాగానికి పెద్ద. విజిల్ మెడలో ఉన్నా లేకున్నా విజిల్ ఊదినట్టే మాట్లాడతారు.

నల్గొండలో పుస్తకాలు సరఫరా చేసే ఆయన మూడు పుస్తకాలు చూడ్డానికి పంపాడు. నచ్చినవి ఉంచుకుని మిగిలినవి నలగకుండా తిరిగి ఇవ్వాలని షరతు. ఒకటి లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, రంగుల బొమ్మలది. రెండోది సన్నటి ఇంగ్లీషు పుస్తకం, బొమ్మలు లేనిది. మూడోది తెలుగు గైడు, ప్రశ్న కింద జవాబు, జవాబు కింద ఇంకో ప్రశ్న. మూడింటినీ ముందేసుకుని కూర్చుని, ఒక్కొక్కదాన్నీ భుజం గురించి చెప్పే పాఠం దగ్గర తెరిచాను.

"అందరూ మొదటి పేజీ నుంచి చూస్తారు. మీరేంది, నడుమ నుంచి మొదలుపెట్టిన్రు?" అన్నారు పెద్దసారు.

అలవాటు సార్ అన్నాను. అంతకంటే చెప్పాలంటే మా అమ్మ గురించి చెప్పాలి. పెద్దసారుతో అంత ముచ్చట పెట్టే ఓపిక నాకు లేదు.

మా ఊరు చిట్యాల దగ్గర పెద్దరోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. మా వాడంతా మగ్గాలే. బాపు గుంటమగ్గం మీద పట్టుచీరలు నేస్తే, అమ్మ ఆసు పోసేది. తెలియనివాళ్లకు ఆసు అంటే ఏమిటో చెప్పాలి. సగం చందమామ ఆకారంలో మేకులు దిగేసిన చట్రం, నడుమ ఒక పెద్ద మేకు. నడుమ మేకు నుంచి దారం అంచు మేకుకు, అక్కడి నుంచి మళ్లీ నడుమకు, నడుమ నుంచి పక్క మేకుకు తిప్పుతూ పోవాలి. చీరకు కావలసిన పేక దారమంతా, అంటే నిలువు పడుగులో అడ్డంగా నేసేదంతా, అట్లా పోశాకే దానికి ముడులు కట్టడం, రంగులద్దడం, మగ్గం ఎక్కించడం. బాపు కూర్చుని కాళ్లాడించేవాడు, అమ్మ కూర్చుని చెయ్యాడించేది. పొయ్యి దగ్గర పని ముగిసింది మొదలు దీపాలు పెట్టేదాకా ఆమె కుడిచెయ్యి పోయి వస్తూనే ఉండేది. రెక్కాడితే గాని డొక్కాడదని లోకమంతా అంటుంది. మా ఇంట్లో అది ఉన్నదున్నట్టు నిజం.

నేను డిగ్రీ పూర్తిచేసే నాటికి ఆ రెక్క పైకి లేవడం మానేసింది. ఆసు పోయడానికి కావలసినంత వరకు లేచేది. భుజమంత ఎత్తుకు వచ్చి అక్కడ ఆగిపోయేది. అంతకు మించితే అమ్మ పళ్లు బిగబట్టి కళ్లు మూసుకునేది. కొప్పు వేసుకోవాలంటే రెండు చేతులూ తల వెనక్కి పోవాలి కదా. అమ్మ కుడిచెయ్యి చెవి దాకా కూడా పోయేది కాదు. పొద్దున్నే పక్కింటి చిన్నమ్మ వచ్చి తల దువ్వి కొప్పు చుట్టి పోయేది. చిన్నమ్మ మంచిదే. కానీ వెంట్రుకలు గట్టిగా లాగి చుట్టేది. చుట్టినంతసేపూ ఎవరింట్లో ఏం కూరో, ఎవరి కోడలు ఎందుకు అలిగిందో చెప్పేది. అమ్మ తల వంచుకుని వినేది.

నేను చుడతానంటే ఒప్పుకునేది కాదు. "బిడ్డతోని తల దువ్విచ్చుకునుడు ముసలోళ్ల పని. నేనింక గంత దూరం పోలే" అనేది. ఒకరోజు చిన్నమ్మ వెళ్లిపోయాక, వాకిట్లోనే కూర్చుని మెల్లగా అంది.

"నాకేం పెద్ద ఆశలు లేవు బిడ్డా. నా కొప్పు నేను ఏస్కోవాలె. ఒకల ముందట దినాం తల వంచి కూసోవుడు నాతోని అయితలేదు."

మా అమ్మ తనకోసం ఏమైనా అడగడం నేను విన్నది అదొక్కసారే.

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్లు అవి. ఊళ్లో ఏ ఇద్దరు కలిసినా ఉద్యోగాల మాటే. నాకు మహబూబ్‌నగర్‌లో బీపీఈడీ సీటు వచ్చింది. బడిలో ఉన్నప్పటి నుంచి పరుగు పందెమంటే నాకు పిచ్చి. ఆడపిల్ల విజిల్ ఊదుకుంటూ తిరుగుతుందా అని మా వాడలో నవ్వారు. బాపు మగ్గం దిగకుండానే వాళ్లకు జవాబిచ్చాడు. "మా ఇంట్ల అన్ని కూసుండే పనులే. ఒక్కలన్న ఉరికే పని చెయ్యనియ్యున్రి."

చేరే ముందు పరిచయ పాఠ్యపుస్తకం ఒకటి కొనుక్కుని రమ్మని కాలేజీలో చెప్పారు. ఏది కొనాలో చెప్పలేదు, నచ్చింది కొనుక్కోమన్నారు. మాలాంటి ఇళ్లలో పిల్లలకు అంతకన్నా పెద్ద కష్టం ఉండదు. పాఠ్యపుస్తకం అంటే బడిలో ఇచ్చేదే తప్ప ఎంచుకునేది కూడా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. అమ్మను భుజానికి నల్గొండ దవాఖానలో చూపించాల్సి ఉండె. రెండు పనులూ ఒక్క దెబ్బకు అయిపోతాయని ఇద్దరం కలిసి బస్సెక్కాం. ముందురోజే ఇంట్లో ఎరుపు అద్దారు. అమ్మ చేతులు మణికట్టు దాకా ఎర్రగా ఉన్నాయి.

దవాఖానలో డాక్టరు చెయ్యి పైకెత్తమన్నాడు, ఎత్తినంత ఎత్తింది. మాత్రలు రాసి చెయ్యికి విశ్రాంతి ఇవ్వమన్నాడు. బయటికి వచ్చాక అమ్మ ఆ కాగితాన్ని మడిచి కొంగున కట్టుకుంటూ, "ఇస్రాంతి ఇచ్చేటట్టుంటే ఈడికెందుకస్త" అంది. అక్కడి నుంచి గడియారం సెంటరు దగ్గర పుస్తకాల షాపుకు పోయాం.

షాపాయన రెండు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి లావుది, ఇంగ్లీషుది. రెండోది సన్నటి తెలుగు గైడు. నేను లావుది తెరిచాను. చర్మం తీసేసిన మనిషి పరుగెత్తుతున్న బొమ్మ ఒకటి ఉంది. తొడలో ఏ కండ ఎప్పుడు బిగుస్తుందో, ఏది ఎప్పుడు వదులవుతుందో రంగులు వేసి చూపించారు. ఇన్నేళ్లు పరుగెత్తాను కదా, నా లోపల ఇదంతా జరుగుతోందని అప్పుడే చూశాను. మూసి బల్ల మీద పెట్టాను. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం, డిగ్రీ కూడా తెలుగులోనే. ఇంగ్లీషు వాక్యం చదివితే చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయేదాన్ని. మళ్లీ తెరిచాను, మళ్లీ పెట్టాను. ధర చూసి ఇంకోసారి పెట్టాను.

అమ్మ షాపు ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. "గండ్ల ఏమున్నది?" అంది. బొమ్మలు చూపిద్దామని లావు పుస్తకం ఆమె ఒళ్లో పెట్టి తెరిచాను. తెరుచుకున్న చోట భుజం ఉంది.

"గిది రెక్కనే గద?"

"అవునే, భుజం. లోపల గిట్ల ఉంటది."

"గీ ఎర్రగున్న పోగులేంది?"

"కండలే."

అమ్మ చాలాసేపు చూసింది. "మంచిగ పడుగు వేసినట్టే ఉన్నది" అంది. తర్వాత తన భుజాన్ని ఎడమచేత్తో తడుముకుంది. నేను పుస్తకం తీసుకుని బల్ల మీద పెట్టేసి, గైడు కట్టివ్వమని షాపాయనకు చెప్పాను.

ఆయన కవరు కోసం లోపలికి పోయాడు. నేను రోడ్డు మీది ఆటోలను చూస్తున్నాను. ఇటు తిరిగేసరికి అమ్మ లావు పుస్తకం మళ్లీ ఒళ్లో పెట్టుకుని ఉంది. వేలు నాలుకకు ఆనించి తడిచేసుకుని పేజీ తిప్పుతోంది. నాకు నవ్వొచ్చింది. మా చీరలు కొనే సేటు నోట్లు లెక్కపెట్టేటప్పుడు అట్లాగే చేస్తాడు. అది చూసి నేర్చుకుందనుకున్నాను. అమ్మకు చదువు రాదు.

"అమ్మా, ఏం చేసినవ్" అన్నాడు వెనక నుంచి షాపాయన.

భుజం బొమ్మ పక్కన తెల్లటి అంచు మీద ఎర్రటి వేలిముద్ర, గీతలతో సహా. స్టాంపు వేసినంత సాఫుగా పడింది. షాపాయన పుస్తకం లాక్కుని వెలుగులో పెట్టి చూశాడు. "కొత్త బుక్కు. గిప్పుడు గిది ఎవలు కొంటరు? మీరే తీస్కోవాలె" అన్నాడు. అమ్మ తల వంచుకుని, "తెల్వక అంటుకున్నది నాయినా" అంది. గైడు వాపసు ఇచ్చి లావుది తీసుకోక తప్పలేదు. బాపు నాకు బూట్ల కోసమని ఇచ్చిన డబ్బు కూడా అందులోనే పోయింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బస్టాండులో అమ్మ నల్లా దగ్గరికి పోయి నోరు పుక్కిలించుకుంది, నీళ్లు తాగింది, నన్నూ తాగమంది. నేను వద్దన్నాను. నార్కట్‌పల్లి దాకా ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె కిటికీలో నుంచి బయటికి చూస్తూ కూర్చుంది. చిట్యాల దగ్గరపడుతుండగా నా మోచేతిని మెల్లగా తాకింది.

"తీస్కున్నం గద, ఇగ సదువు. నా రెక్క కాడ ఏం రాసిండో జూసి నాకు చెప్పు."

పాలమూరు ఎండలకు, ఆ ఎర్రమట్టి గ్రౌండుకు నేను తొందరగానే అలవాటుపడ్డాను. ఆ పుస్తకానికి పడలేదు. పక్కన డిక్షనరీ పెట్టుకుని, పెన్సిలుతో ప్రతి మాట మీదా తెలుగు రాసుకుంటూ చదివేదాన్ని. హాస్టల్లో మిగతా పిల్లలు గైడు బట్టీపట్టి నిద్రపోతుంటే నాకు ఏడుపొచ్చేది. అమ్మ మీద కోపం, ఇంటి మీద బెంగ, రెండూ ఒక్కసారే వచ్చేవి. గంజి వాసన కోసం, బాపు మగ్గం చప్పుడు కోసం ప్రాణం కొట్టుకునేది. అప్పుడు భుజం పేజీ తీసి, ఆ ఎర్రటి ముద్ర మీద నా వేలు పెట్టేదాన్ని. అమ్మ వేలు నా వేలికన్నా వెడల్పు.

ఆదివారం ఆదివారం బాపు ఫోను నుంచి అమ్మ చేసేది. తిన్నవా అని కూడా అడిగేది కాదు, ముందు అదే.

"నా రెక్క కాడికి వచ్చినవా?"

"ఇంక రాలేదే. ఎముకల కాడ ఉన్న."

"ఎన్ని దినాలు ఎముకలే?"

మరో ఆదివారం.

"ఇప్పుడేడున్నవు?"

"గుండె కాడ."

"గుండె కాడ జర నిదానం పో. రెక్క ఏడికి పోతది, ఆగుతది."

ఒకసారి మాత్రం విసుక్కుంది. "నడిమిట్లకెంచి సదువరాదా? గా పేజీకే ఉరుకు." ఉరికి చూశాను. ఒక్కో వాక్యంలో వెనకటి పాఠాల మాటలే. అవి రానిదే ఇది రాదు. "పడుగు వెయ్యకుండ పేక నేస్తవా అమ్మా?" అన్నాను. "సరే తియ్యి. మెల్లగనే రా" అంది. ఆ తర్వాత ఎప్పుడూ తొందరపెట్టలేదు. అడగడం మాత్రం ఒక్క ఆదివారం కూడా మానలేదు.

చలి పోయి ఎండ ముదిరే వేళకు ఆ పాఠం దగ్గరికి వచ్చాను. ఆదివారం దాకా ఆగలేక నేనే ఫోను చేశాను.

"అమ్మా, నీ రెక్క కాడికి వచ్చిన."

"ఏం రాసిండు మరి?" గొంతు తగ్గించి అడిగింది, డాక్టరు దగ్గర అడిగినట్టు.

చెప్పాను. భుజం మీద చూరులా ఒక ఎముక ఉంటుంది. దాని కింద ఇరుకు సందులో నుంచి ఒక నరంలాంటి పట్టీ పోతుంది. చెయ్యి లేచినప్పుడల్లా ఆ పట్టీ ఎముకకు రాసుకుంటుంది. ఏళ్ల తరబడి రాసుకుంటే వాస్తుంది. వాస్తే ఇంకా రాసుకుంటుంది.

"తెగిందా?"

"తెగలేదనే అనుకుంటున్న. రాసుకపోయింది."

"తెగితే అతుకు వెయ్యొచ్చు. రాసుకపోతే ఏం జేస్తరు?"

చేసేది కూడా రాశాడే అన్నాను. ఒక్క సంగతి చెప్పలేదు. ఆ పాఠంలో బంతి విసిరేవాళ్లున్నారు, ఈత కొట్టేవాళ్లున్నారు, టెన్నిస్ ఆడేవాళ్లున్నారు. పొద్దుగూకులూ కూర్చుని దారం పోసే ఆడమనిషి ఎక్కడా లేదు. ముందు నుంచి వెనక దాకా వెతికాను. నీలాంటివాళ్లకు చాలామందికి వస్తుందట అని మాత్రం చెప్పాను. "అయితే నేనొక్కదాన్నే కాదు" అని అమ్మ సంతోషపడింది.

మా సారును అడిగి, చూపించుకుని, నేర్చుకుని సెలవులకు ఇంటికి పోయాను. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్లతో గోడ మీద పాకుతూ చెయ్యిని పైకి తీసుకుపోవాలి, నొప్పి దగ్గర ఆగాలి, మెల్లగా దించాలి. అంతే. అమ్మ దాన్ని ఆసు పోసినట్టు మొదలుపెట్టింది. ఎక్కడం, దిగడం, ఎక్కడం, దిగడం, చూపు తిప్పుకునేలోపే. ఎంత ఎక్కువ చేస్తే అంత మంచిదని ఆమె లెక్క. మా ఇళ్లలో చెయ్యి ఎంత ఆడితే చీర అంత తొందరగా మగ్గం దిగుతుంది కదా. సాయంత్రానికి భుజం వాచిపోయింది.

"మెల్లగ అని చెప్పిన గదనే."

"మెల్లగ చేసుడు నా చెయ్యికి రాదు. అయినా దారం లేని ఆసు ఇది. ఏమస్తదని చెయ్యాలె?"

నేను పుస్తకంలో వెతికితే మెల్లగా అన్న మాటే మళ్లీ మళ్లీ ఉంది. దారి బాపు చూపించాడు. బాపు నేస్తూ నేస్తూ, జానెడు గుడ్డ కాగానే చెయ్యాపి, నేసింది చుట్టుకుంటాడు. మగ్గం చప్పుడు అప్పుడు కాసేపు ఆగుతుంది. "నా మగ్గం ఆగినప్పుడే నువ్వు గోడెక్కు. మల్ల మోగిందంటే దిగు" అన్నాడు. ఆ మాట అమ్మకు నచ్చింది. మగ్గం చప్పుడు ఆగినప్పుడు లేచి గోడ దగ్గరికి పోయేది. చప్పుడు మొదలైతే వచ్చి ఆసు ముందు కూర్చునేది. సున్నం వేసిన కొత్తలు. గోడకు రంగు అంటుతుందేమోనని నేను గొణిగితే, "ఎండిన చెయ్యి ఏం జెయ్యదు తియ్యి" అని ఎర్రటి వేళ్లతోనే పాకేది. నిజమే, గోడ తెల్లగానే ఉండేది.

నేను తిరిగి హాస్టలుకు పోయాను. వానలు మొదలయ్యాక ఒక పొద్దున బాపు ఫోను చేశాడు. అమ్మ కొప్పు వేసుకుందట. తనే. వదులుగా ఉందట, ఎడమకు ఒరిగిందట. వేసుకున్నాక పక్కింటి చిన్నమ్మ దగ్గరికి పాలల్లోకి తోడు అడగడానికి పోయిందట. "ఇంట్ల కుండెడు పెరుగున్నది" అని బాపు నవ్వాడు. నేను గ్రౌండు అంచున నిలబడి ఉన్నాను. అందరూ చూస్తుండగానే ఏడ్చాను.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది. పుస్తకం రెండుసార్లు చదివాను. ఆసు పోసే మిషను మా వాడకు వచ్చింది. అమ్మ చేతికి తీరిక దొరికింది. తీరిక దొరికిన చేత్తో ఏం చెయ్యాలో తెలియక, దినాం తలంటుకుని కొప్పు చుట్టుకునేది. ఆదివారం ఫోనులో మాత్రం పాత మాటే, ఇప్పుడు ఎగతాళికి. "ఇప్పుడెవల రెక్క కాడ ఉన్నవు?"

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో అమ్మ పోయింది. దాని గురించి ఎక్కువ రాయలేను. ఆమె దవాఖాన లోపల, నేను అదే నల్గొండలో గేటు బయట. లోపలికి పోనివ్వలేదు. చివరిసారి ఫోనులో ఆయాసపడుతూ అంది. "ఈడ దువ్వెటోళ్లు ఎవలు లేరు బిడ్డా. కొప్పు నేనే ఏస్కున్న." చెయ్యి లేచిందా అన్నాను. "లేసింది" అంది. ఆ తర్వాత ఆమె గొంతు నేను వినలేదు.

ఆదివారం ఆ వేళకు ఇప్పటికీ ఫోను పక్కనే పెట్టుకుని కూర్చుంటాను. మోగదని తెలుసు.

మూడు పుస్తకాలు సంచిలో వేసుకుని నేను ఊరికి పోయింది అట్లాంటి ఒక ఆదివారమే. సోమవారం పెద్దసారుకు జవాబు చెప్పాలి. బాపు ఎరుపు అద్దుతున్నాడు. ఇప్పుడు కొద్దికొద్దిగానే నేస్తాడు గానీ మానలేదు. నేనూ కూర్చుని చేతులు ముంచాను. పని అయ్యాక కడుక్కుని, ఆరబెట్టుకుని, వాకిట్లో పుస్తకాలు ముందేసుకున్నాను. ఈసారి నా పాత పుస్తకం కూడా పక్కన పెట్టుకున్నాను. బాపు వచ్చి కూర్చుని, కొత్త లావు పుస్తకం మీదికి చెయ్యి చాపాడు. నేను గబుక్కున వెనక్కి లాక్కున్నాను.

"బాపూ, రంగంటుతది. వాపసు ఇచ్చేదది."

బాపు నన్ను వింతగా చూశాడు. "ఎండిన చెయ్యి ఎట్లంటుతది? తడి తాకితెనే గదా అంటేది. ఇన్నేండ్లు గీ ఇంట్ల పెరిగినవు, గిది తెల్వదా?" పుస్తకం తీసుకుని ఎర్రటి వేళ్లతో నాలుగు పేజీలు తిప్పాడు. ఒక్క మరక లేదు. "మీ అమ్మ గీ చేతులతోనే తెల్లంచు చీరలు మడత పెట్టేది. ఎన్నడన్న మరక జేసిందా?"

చెయ్యలేదు. గోడకూ చెయ్యలేదు. నా పాత పుస్తకం తెరిచి ఆ ముద్ర చూశాను. వెలిసింది గానీ గీతలు ఇంకా ఉన్నాయి. షాపు ముందు స్టూలు, అమ్మ ఒళ్లో పుస్తకం, నాలుకకు ఆనించిన వేలు. పేజీ తిప్పడానికని నేను అనుకున్నాను. మా సేటును చూసి నేర్చుకుందని నవ్వుకున్నాను.

బాపుకు చెప్పాను. "గట్లనా? నాకు గూడ చెప్పలే" అన్నాడు.

ఎందుకు చేసిందో నాకు తెలియదు. ఆ పుస్తకంలో తన రెక్క ఉందని చేసిందా? తన కొప్పు కోసం చేసిందా? లేక నేను దాన్ని తెరిచి మూసి, తెరిచి మూసి పెట్టడం స్టూలు మీద నుంచి చూసి చేసిందా? ఒక్క ఆదివారం ఆ ఫోను మోగితే అడిగేదాన్ని. అడిగితే ఏమనేదో కూడా తెలుసు, తెల్వక అంటుకున్నది బిడ్డా అనేది. ఆ అబద్ధమైనా ఆమె నోటి నుంచి ఇంకోసారి వినాలని ఉంది.

సోమవారం మూడు పుస్తకాలనూ గ్రౌండు పక్కన మా గదిలో బల్ల మీద పరిచాను. పిల్లలను చూసుకోనిద్దాం సార్ అన్నాను. "పిల్లలకేం తెలుస్తది మేడమ్" అని పెద్దసారు గొణిగారు. పిల్లలు వచ్చారు, తిప్పారు, ఎక్కువమంది గైడు దగ్గర గుమిగూడారు. చింతపల్లి వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒకతి ఉంది. తెలుగు మీడియం, మంచి పరుగు. లావు పుస్తకం తెరిచి ఒక బొమ్మ మీద వేలు పెట్టి చూసింది. మూసింది. గైడు తీసుకుని రెండడుగులు పోయింది. మళ్లీ వచ్చి లావుది తెరిచింది. అంచులు సరిచేసి, మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

ఆ పెట్టడం నాకు తెలుసు.

"చూసిన్రా, గైడే తీసుకుంటున్నరు. అదే రాసేద్దాం" అన్నారు పెద్దసారు.

నా గోళ్ల చుట్టూ ఆదివారం ఎరుపు ఇంకా ఉంది. లావు పుస్తకం దగ్గరికి పోయి, భుజం పాఠం తెరిచి, వేలు నాలుకకు ఆనించి, పేజీ అంచున గట్టిగా ఒత్తాను. ఎర్రగా పడింది.

"అయ్యో, రంగంటింది మేడమ్. వాపసు తీసుకోడు ఇగ" అన్నారు పెద్దసారు.

"తీసుకోడు సార్. ఇదే పెట్టుకుందాం. తెలుగులో కావలసింది నేను పక్కన కూర్చోబెట్టుకుని చెప్తాను" అన్నాను. పుస్తకం ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. మొదటి నుంచి చదువు, మెల్లగా రా అన్నాను. ఎందుకిచ్చానో తెలియక, ఆ అమ్మాయి బెరుగ్గా రెండు చేతులతో పట్టుకుంది.

నాలుక మీద రంగు చేదుగా తగిలింది. నీళ్లు తాగినా పోలేదు. ఆ రోజు అమ్మ బస్టాండు నల్లా దగ్గర పుక్కిలించింది ఈ చేదునే. నార్కట్‌పల్లి దాకా నేను మాట్లాడకుండా కూర్చున్నంతసేపూ అది ఆమె నోట్లోనే ఉండి ఉంటుంది.